డ్రైన్ బోల్టు తగువు

తప్పు నాదే. ఆ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ఆదివారం పొద్దున ఇంట్లోనే ఇంజిన్ ఆయిలు మార్చుకుందామని కూర్చున్నాను. హీరో హోండా రోజుల నాటి స్ప్లెండర్, 97.2 సీసీ. ఇంజిన్ అడుగున నేలకేసి చూస్తూ పదిహేడు పానా పట్టే డ్రైన్ బోల్టు ఉంటుంది. సెంటర్ స్టాండ్ వేసి, కింద పాత బేసిను పెట్టి, ట్యాంకు మీదుగా వంగి పానా తగిలించాను. బోల్టు విప్పడానికి ఎటు తిప్పుతామో అటే తిప్పాను. కదల్లేదు. పంపు పని చేసినప్పుడు మిగిలిన అర మీటరు జీఐ పైపు ముక్క వరండాలో ఉంటే దాన్ని పానాకి తొడిగి మళ్లీ పట్టు పట్టాను. ఈసారి కదిలింది. వేడన్నంలో గరిటె తిరిగినంత మెత్తగా కదిలింది. అప్పటికి సంబరపడ్డాను కూడా. ఒక చుట్టు తిరిగింది, రెండు తిరిగింది, ఐదు తిరిగింది. బోల్టు మాత్రం కిందికి దిగలేదు.

అప్పుడు వెలిగింది. బోల్టు కిందికి చూస్తోంది, నేను పైనుంచి చూస్తున్నాను. పైనుంచి చూసేవాడికి విప్పడంలా కనిపించేది ఆ బోల్టుకి బిగించడం. బిగుసుకునే ఉన్న బోల్టుని పైపు వేసి మరీ ఇంకా బిగించానన్నమాట.

తల కింద స్క్రూడ్రైవర్ దూర్చి, మీటుతూ తిప్పితే చివరికి ఊడొచ్చింది. దాని ఒంటికి వెండి తీగలా సన్నటి స్ప్రింగు చుట్టుకుని ఉంది. అది బోల్టుది కాదు. ఇంజిన్ కేసు లోపలి మరలు అలా ఒలుచుకుని వచ్చేశాయి. ఆయిలంతా బేసిన్లోకి పోయింది కాబట్టి బండి స్టార్ట్ చేసే మాటే లేదు. తెనాలి కాలవ కట్ట పక్క షెడ్డు దాకా అర కిలోమీటరు తోసుకెళ్లాను. దారిలో ముగ్గురు పెట్రోలు అయిపోయిందా అని పలకరించారు. అవునన్నాను.

షెడ్డు మామది. పన్నెండేళ్ల వయసులో విజయవాడ ఆటోనగర్‌లో పానాలు కడగడంతో మొదలుపెట్టి ఇప్పటికి నలభై ఏళ్లుగా ఇదే పని. అల్లుడు ఆయన అక్క కొడుకు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేసి, చెన్నై పక్కన ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో రెండేళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఒకరి పని ఇంకొకరికి నచ్చదు. ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా నడిచిన తగువు ఇది. నేను మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద ఉన్నాను.

మామ: (బెజ్జంలో వేలు పెట్టి తిప్పి) ఏమీ మిగల్లేదు మేష్టారూ. నున్నగా గాజు గొట్టంలా ఉంది. పైపు వేశారా?

నేను: వేశాను.

మామ: వేస్తారు. వేసినోళ్లంతా నా దగ్గరికే వస్తారు.

అల్లుడు: (గుండుసూదితో బోల్టు మీది తీగ ఊడదీస్తూ) బోల్టుకేం కాలేదు చూడండి సార్. ఇది ఉక్కు, అది అల్యూమినియం. ఈ రెండింటికీ పేచీ వస్తే ఎప్పుడూ అల్యూమినియమే ఓడిపోతుంది.

నేను: అంత తెలిసినప్పుడు కేసు కంటే మెత్తటి బోల్టు పెట్టొచ్చు కదా. పోతే బోల్టు పోయేది.

మామ: అప్పుడు తల తెగి మొండెం లోపల ఉండిపోద్ది. దాన్ని పెరకడం ఇంకో పండగ. పోనివ్వండి, ఇదే నయం.

ఈలోగా టీ తెచ్చిన కుర్రాడు తన సలహా తను ఇచ్చాడు. బోల్టుకి నాలుగు చుట్లు టెఫ్లాన్ టేపు చుట్టి, చుట్టూ ఎమ్-సీల్ మెత్తితే సరిపోతుందట, వాళ్ల బాబాయి బండికి అలాగే చేశారట. ఆ రోజు మామ, అల్లుడు ఒక్కమాట మీద నిలబడిన సందర్భం అదొక్కటే. ఇద్దరూ ఒకేసారి కసిరారు. టేపు పోగులు ఊడి ఆయిల్ జాలీకి అడ్డం పడతాయి. ఎమ్-సీల్ వేస్తే మళ్లీ ఆయిల్ మార్చేటప్పుడు ఉలి పెట్టి కొట్టాలి. కుర్రాడు గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.

మామ: ఇంత ఆలోచన దేనికిరా. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు, మర మరకీ ఒకటిన్నర దూరం. పద్నాలుగు, ఒకటిన్నర ట్యాప్ నా దగ్గరుంది. పద్నాలుగు మరలు తీస్తా, మారుతి కారు డ్రైన్ బోల్టు పెడతా. అచ్చంగా అదే సైజు. ప్రతి స్పేర్ పార్ట్స్ కొట్టులోనూ దొరుకుద్ది, దాని వాషరూ దొరుకుద్ది. గంటలో మేష్టారు ఇంటికెళ్లిపోతారు.

అల్లుడు: కారు బోల్టు బండికా మామయ్యా.

మామ: ఏం, బోల్టుకి కులం ఉందా?

అల్లుడు: కాయిల్ వేద్దాం. బెజ్జాన్ని కాస్త పెద్దది చేసి, దాని ట్యాప్‌తో మరలు తీసి, అందులో స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్ట కూర్చోబెడితే లోపలివైపు మళ్లీ పన్నెండు సైజు మరలే వస్తాయి. పాత బోల్టు, పాత వాషర్, పాత పదిహేడు పానా. అల్యూమినియం మరల స్థానంలో స్టీలు మరలు. విమానాల ఇంజిన్లలో ఇలాంటి కాయిల్స్ కొత్తప్పుడే వేసి పంపుతారు.

మామ: మనది విమానం కాదు. మేష్టారు దీని మీద కూరగాయల మార్కెట్‌కి పోతారు.

నిజమే. పోతాను. అయినా ఆ కాయిల్ అంటే ఏమిటో చూడాలనిపించి అడిగితే అల్లుడు సొరుగులోంచి ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. ఫ్యాక్టరీ నుంచి గుర్తుగా తెచ్చుకున్నదట, చిన్న సైజుది. బాల్‌పెన్ స్ప్రింగుని గట్టిగా దగ్గరికి నొక్కినట్టుంది. తీగ మాత్రం గుండ్రంగా లేదు. అడ్డంగా కోస్తే నాలుగు పలకల వజ్రపు ఆకారం. బయటి అంచు కేసులో మరలకి సరిపోతుంది, లోపలి అంచే బోల్టుకి మర అవుతుంది. కింది కొసన తీగ అడ్డంగా మడిచి ఉంది. దాన్ని తోక అంటారు. ఆ తోకని పట్టుకుని లోపలికి తిప్పుతారు, పని అయ్యాక విరగ్గొట్టేస్తారు.

మామ: సరే, నాదొక ప్రశ్న. నీ చుట్ట కూర్చోవాలంటే బెజ్జం ఎంతకి కొయ్యాలి?

అల్లుడు: డ్రిల్లు పన్నెండున్నర దాకా. ట్యాప్ పై కొలత పదమూడు పాయింట్ తొమ్మిది ఐదు.

మామ: ఎంతా?

అల్లుడు: పదమూడు పాయింట్ తొమ్మిది ఐదు.

మామ: (నా వైపు తిరిగి) విన్నారా మేష్టారూ. నా పద్నాలుగుకి వీడి పదమూడు తొంభై అయిదుకి వెంట్రుక వాసి తేడా. నాకూ డ్రిల్లు పన్నెండున్నరే. మరల దూరం నాదీ ఒకటిన్నరే, వీడిదీ ఒకటిన్నరే. ఇద్దరం కొట్టేది ఒకటే బెజ్జం! ఇందాకట్నుంచీ నేనేదో గొడ్డలితో నరుకుతున్నట్టు, వీడేదో సూదితో కుడుతున్నట్టు మాట్లాడతన్నాడు.

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. బోల్టు కిందపెట్టి చేతులు వేస్టుకి తుడుచుకున్నాడు. ఈ లెక్క అతనికి తెలియక కాదు, మామ అడుగుతాడనుకోలేదు. వెంట్రుక వాసి అన్నది కూడా మాటవరసకు కాదు. తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, మన తల వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే.

అల్లుడు: ఒప్పుకుంటున్నా. బెజ్జం ఒకటే. ఆ బెజ్జంలో ఏం పెడతామన్నదే తేడా. నువ్వు పెద్ద బోల్టు పెడతావు, మర మళ్లీ అల్యూమినియమే. రేపు ఇంకో మేష్టారు పైపు వేస్తే మళ్లీ పోతుంది.

నేను: ఇంకో మేష్టారు దేనికి, నేను చాలు.

అల్లుడు: అప్పుడు పదహారుకి పోవాలి. ఆ బోల్టు చుట్టూ ఉన్న కండ ఎంతో చూశావా? పదహారు కొడితే గోడ పల్చబడుతుంది. వాషర్ కూర్చోవడానికి అంచు కూడా మిగలదు. అదే ఇవాళ కాయిల్ వేసి, ఎప్పుడైనా అది పాడైతే తీగ లాగేసి, నీ పద్నాలుగు ట్యాప్ ఒక్కసారి తిప్పి నీ మారుతి బోల్టు పెట్టొచ్చు. నా పని తర్వాత నీ పనికి చోటుంటుంది మామయ్యా. నీ పని తర్వాత నా పన్నెండుకి చోటుండదు.

మామ: పద్నాలుగుకి కాయిల్ ఉండదా?

అల్లుడు: ఉంటుంది. దానికీ పదహారు దాకా కొయ్యాలి.

మామ బీడీ ముట్టించాడు. ఆయన దగ్గర అది ఓటమికి గుర్తు కాదు, ఇంకో దారి వెతుక్కుంటున్నాడని అర్థం.

మామ: మరి నా పద్నాలుగు ట్యాప్‌తోనే నీ చుట్ట కూర్చోబెట్టు. కిట్టు కొనే పని ఉండదు.

అల్లుడు: (తల గోక్కుని) కూర్చుంటుందేమో. చుట్టకి బయటికి తోసే గుణం ఉంటుంది, కాస్త వదులుని అదే సర్దుకుంటుంది. కానీ దాని ట్యాప్ లేకుండా వేసి నేను పూచీ ఉండలేను. ఎంత వదులో కొలవడానికి మన దగ్గర సాధనం లేదు.

మామ: ఇదిగో, ఇదీ ఫ్యాక్టరీ బుద్ధి. కొలవలేనిది చెయ్యవు.

అల్లుడు: చెయ్యను.

ఇద్దరి మధ్య ఇది పాత పుండు అని తర్వాత తెలిసింది. మామ బుల్లెట్ల మీద పని నేర్చుకున్న మనిషి. పాత బుల్లెట్లలో ఇంచుల బోల్టులు ఉండేవి. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరకి కోణం 55 డిగ్రీలు. ఇవాళ మన బళ్లన్నిటికీ వచ్చే మెట్రిక్ మరకి 60. పక్కపక్కన పెడితే చూపుకి ఒకేలా ఉంటాయి. ఒకదానిలో ఒకటి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా, మూడో చుట్టులో మరని తినేస్తాయి. ఏది ఏదో బొటనవేలి గోరుతో మర మీద గీసి చెప్పడం మామ విద్య. అల్లుడు ఫ్యాక్టరీలో గేజితో చూసేవాడు. గేజి ఎక్కితే మంచిది, ఎక్కకపోతే తుక్కు. గోటికి అక్కడ జీతం లేదు.

మామ: సరే, నీ చుట్టే వేద్దాం అనుకో. ఆ తోక సంగతేంటి? బెజ్జం ఇంజిన్లోకి తెరిచి ఉంది. విరగ్గొడితే తోక ఎక్కడ పడుద్ది? లోపల. అది గేరు పళ్ల మధ్యకి పోతే మేష్టారికి బోల్టు బాగుపడి ఇంజిన్ పోద్ది.

అల్లుడు: సుత్తీ పంచీ పెట్టి కొడితే లోపల పడుతుంది. నేను కొట్టను. సన్నమూతి కటింగ్ ప్లేయరుతో తోకని పట్టుకుని అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే విరిగి ప్లేయరులోనే ఉంటుంది. ఇంజిన్ తలకిందులు కాదుగా, బెజ్జం అడుగున ఉంది. జారినా కిందికే రావాలి.

మామ: రావాలి. రాకపోతే?

అల్లుడు: వచ్చేదాకా ఇంజిన్ తిప్పను. తోక నా చేతిలో కనపడ్డాకే ఆయిల్ పోస్తా.

మామ: అయస్కాంతం పెట్టి తీద్దామన్నా అది స్టెయిన్‌లెస్. సరిగా అంటదు.

నేను: రజను సంగతి? మరలు కోసేటప్పుడు రాలే పొడంతా లోపలికి పోదా? దానికైనా అయస్కాంతం పనికొస్తుందా?

ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు.

అల్లుడు: అల్యూమినియం సార్. అయస్కాంతం దాన్ని పట్టించుకోదు.

రజను దగ్గరికొచ్చేసరికి తగువు స్వరం మారింది. ఇక్కడ ఇద్దరికీ భయం ఒకటే, జాగ్రత్తలు మాత్రం వేరు. స్ప్లెండర్ ఇంజిన్లో కారులో లాగా కాగితం ఫిల్టరు ఉండదు. ఒక లోహపు జాలీ ఉంటుంది, దాన్ని దాటిన మురికిని గిర్రున తిరిగే గిన్నె లాంటి ఫిల్టరు అంచులకి విసిరి పట్టుకుంటుంది. అల్యూమినియం తేలిక. ఆయిల్‌తో పాటు తిరుగుతూ ఉంటుంది, పంపులోకి పోతుంది, క్రాంక్ దాకా పోతుంది. పోయినట్టు మనకి వెంటనే తెలియదు.

మామ పద్ధతి ఇది. ట్యాప్ గాళ్లలో గ్రీజు దట్టంగా కూరాలి, రజను గ్రీజుకి అంటుకుంటుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు రజను తెగి గాళ్లలో పడుతుంది. రెండు మరలకొకసారి ట్యాప్ బయటికి తీసి, తుడిచి, మళ్లీ గ్రీజు కూరాలి. ఓపిక లేనివాడు ఒక్క ఊపున తిప్పితే రజను మరల మధ్య ఇరుక్కుని, కోసిన మరని తనే చీల్చేస్తుంది. ఇంతవరకు అల్లుడికి అభ్యంతరం లేదు. ఆ తర్వాత మామ పైనుంచి లీటరు డీజిల్ పోసి కడుగుతానన్నాడు. అక్కడ పేచీ వచ్చింది.

అల్లుడు: డీజిల్ వద్దు. ఎంత ఒంచినా మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. చవకరకం ఇంజిన్ ఆయిలే పోసి కడుగుదాం. రెండుసార్లు పోద్దాం. ఆ తర్వాత కవర్ విప్పి జాలీ చూద్దాం.

మామ: ఆయిల్ ఖర్చు మేష్టారిది కాబట్టి చెప్తున్నావు.

నేను: పోయండి. మూడుసార్లు పోయండి.

అల్లుడు: ఇంకోటి. కింద నుంచి ఎయిర్ గన్ పెట్టి ఊదొద్దు. రజనంతా పైకెక్కుద్ది.

మామ: ఒరేయ్, అది నేనే నీకు చెప్పా. పదేళ్ల కింద, ఇదే షెడ్డులో.

అల్లుడు: అవును, నువ్వే చెప్పావు.

మిగతా దారుల మీద ఎక్కువసేపు పట్టలేదు. లేత్ మీద ఉక్కు బుష్ తిప్పించి, బయట పదహారు మర, లోపల పన్నెండు మర పెట్టి బిగించడం ఆటోనగర్‌లో ఎప్పట్నుంచో ఉన్న పని. మంచి పనే, కానీ గోడ మందం ఉన్న కేసులకే. ఆర్గాన్ వెల్డింగ్‌తో బెజ్జం పూడ్చి కొత్తగా కొట్టడం ఇంకో దారి. ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చిన పోత లోహం వెల్డింగ్ పెడితే బుడగలు కక్కుతుంది, సరిగ్గా శుభ్రం చెయ్యాలంటే ఇంజిన్ మొత్తం విప్పాలి, వేడికి కేసు వంగితే ఇక అంతే. కేసే మార్చేస్తే? ఖర్చు అలా ఉంచి, ఇంజిన్ నంబరు చెక్కి ఉన్న సగం మార్చాల్సొస్తే ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆర్సీలో ఒక నంబరు, ఇంజిన్ మీద ఇంకోటి ఉంటే రోడ్డు మీద ఆపిన కానిస్టేబులుకి డ్రైన్ బోల్టు కథ చెప్పుకోవాలి.

మామ: ఇవన్నీ కాదుగానీ, బెజ్జం వంకర పోతే నీ కాయిలూ లేదు, నా కారు బోల్టూ లేదు. చేత్తో పట్టే డ్రిల్లుతో కింద పడుకుని కొడితే ఎవడికైనా ఒక డిగ్రీ పోద్ది. వాషర్ ఒక పక్కే ఆనుద్ది. ఆ సందులోంచి ఆయిల్ చుక్క చుక్కా కారుద్ది.

అల్లుడు: డ్రిల్లు అక్కర్లేదు. మరలు పోయాక బెజ్జం ఇప్పటికే పన్నెండు దాకా తెరుచుకుంది. పక్కకి పావు మిల్లీమీటరు తియ్యాలి, అంతే. రీమర్‌తో చేత్తోనే వస్తుంది. ట్యాప్ నిటారుగా దిగిందో లేదో మూలమట్టం పెట్టి చూస్తా.

మామ: మూలమట్టం పట్టే చోటుందా అక్కడ, సైలెన్సర్ పైపు అడ్డం పెట్టుకుని? నట్టు వాడు. పద్నాలుగు నట్టు ఒకటి తీసుకో, ముఖం నున్నగా ఉన్నది. బెజ్జం మీద బోర్లా పెట్టి అదిమి పట్టుకో. ట్యాప్‌ని ఆ నట్టులోంచి దింపు. నట్టు ముఖం కేసు ముఖానికి ఆనినంతసేపూ ట్యాప్ పక్కకి పోదు.

అల్లుడు: (కాసేపు ఆలోచించి) నా ట్యాప్ పదమూడు తొంభై అయిదు. పద్నాలుగు నట్టులో సాఫీగా దిగుతుంది.

మామ: దిగుద్ది. ఇందాక చెప్పానుగా, వెంట్రుక వాసి.

ఈ నట్టు కిటుకు అల్లుడికి తెలియదు. ఫ్యాక్టరీలో ఆ పని యంత్రం చూసుకునేది. మామ ముఖంలో ఒక చిన్న వెలుగు కనిపించింది, దాన్ని ఆయన బీడీ పొగ వెనక దాచుకున్నాడు.

ఇక బిగింపు దగ్గరికి వచ్చాం. అసలు రోగం అక్కడిది కాబట్టి ఇద్దరూ గొంతు పెంచారు.

అల్లుడు: ఈ సైజు డ్రైన్ బోల్టుకి కంపెనీ చెప్పేది ఇరవై నాలుగు, మహా అయితే ముప్పై న్యూటన్ మీటర్లు. షెడ్డులో టార్క్ రెంచి ఉంటే ఎవరూ మర పోగొట్టరు.

నేను: అంటే ఎంత బలం?

అల్లుడు: పావు మీటరు పానా కొసన పది కిలోల బలం పెట్టండి. అంతే, అయిపోయింది. మీరు అర మీటరు పైపు కొసన పాతిక కిలోలతో లాగి ఉంటారు. అంటే ఐదు రెట్లు.

మామ: నా మణికట్టే నా టార్క్ రెంచి.

అల్లుడు: చూద్దామా?

బెంచి వైసులో ఒక ఇనప పట్టీ బిగించారు. దానికి పన్నెండు బోల్టు, నట్టు వేశారు. మామ రింగ్ పానాతో తన చేతివాటం ప్రకారం బిగించాడు. అల్లుడు తన సొంత డబ్బుతో కొనుక్కున్న టార్క్ రెంచి తెచ్చి, ఇరవై దగ్గర మొదలుపెట్టి రెండేసి పెంచుకుంటూ, బోల్టు ఎక్కడ కదులుతుందో చూశాడు. ఇరవై ఎనిమిది. వదులు చేసి మామ మళ్లీ బిగించాడు. ఇరవై ఆరు. మూడోసారి మళ్లీ ఇరవై ఎనిమిది. అల్లుడు తన చేత్తో బిగిస్తే ముప్పై ఆరు వచ్చింది. నాకూ పానా ఇచ్చారు. పైపు లేకుండా, చాలా సున్నితంగా బిగించాననుకున్నాను. నలభై నాలుగు.

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. మామ పానా తుడిచి గోడకి తగిలించాడు.

మామ: ఇంకేమన్నా కొలవాలా?

అల్లుడు: లేదు మామయ్యా. నీ చెయ్యి సరిగ్గానే ఉంది. కానీ నువ్వొక్కడివే కదా. సాయంత్రం రద్దీలో ఆయిల్ మార్చేది ఎవరు? కుర్రాళ్లు. వాళ్లకి నీ మణికట్టు లేదు.

మామ దీనికి జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఇంకో మాట ఎత్తుకున్నాడు. అదే ఆ రోజు తగువులో అసలు మలుపని నాకనిపిస్తుంది.

మామ: వాషర్ సంగతి చెప్పు. సగం మరలు పోయేది పైపుల వల్ల కాదు, వాషర్ల వల్ల. ఆ మెత్తటి వాషర్ ఉన్నది ఒకసారి నలగడానికి. నలిగి, సందు మూసి, ఆయిల్ ఆపుద్ది. పాత వాషరే మళ్లీ పెడితే అది ఇంక నలగదు. చుక్క కారుద్ది. కారిందని కుర్రాడు ఇంకాస్త బిగిస్తాడు. మళ్లీసారి ఇంకాస్త. నాలుగో ఆయిల్‌కి మర జారుద్ది. పది ఇరవై రూపాయల వాషర్ కొనమంటే బండోళ్లు మొహం మాడుస్తారు.

అల్లుడు: రాగి వాషర్ అయితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది.

మామ: అల్యూమినియం వాషర్‌ని కాల్చబోతే ఎర్రబడే లోపే కరిగి కారిపోద్ది. కొత్తది వెయ్యి. నీ కాయిల్ ఎంత గొప్పదైనా వాషర్ పాతదైతే ఆయిల్ కారుద్ది. కాయిల్ ఉక్కు కాబట్టి కుర్రాడు ఇంకా గట్టిగా బిగిస్తాడు. అప్పుడు మర పోదు, కేసుకే పగులొస్తుంది. అది ఆలోచించావా?

అల్లుడు: (నెమ్మదిగా) లేదు.

మామ మళ్లీ మారుతి బోల్టు మాట ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, నా దగ్గర ఆగాడు.

మామ: మేష్టారూ, మీరెప్పుడూ నా దగ్గరికే వస్తారా?

నేను: దగ్గర్లో ఉంటే వస్తాను. పోయిన వేసవిలో ఒంగోలులో మార్పించాను.

మామ: ఒంగోలోడికి ఇది కారు బోల్టు అని తెలవదు. వాషర్ పన్నెండుది పెడతాడు. లేదంటే బోల్టు తల అరిగిందని కొత్తది, కంపెనీ పన్నెండు తెచ్చి పెడతాడు. అది బెజ్జంలో ఊగుతుంటే ఎమ్-సీల్ మెత్తుతాడు. మీరు చీరాల దాటకముందే ఆయిలంతా రోడ్డు మీద. (అల్లుడితో) కాయిల్ వెయ్యి. కంపెనీ బోల్టే ఉంచు. ఎవడు విప్పినా వాడికి తెలిసిందే ఉండాలి.

అల్లుడు గెలిచినట్టు ముఖం పెట్టలేదు. పెట్టి ఉంటే కిట్టు డబ్బు అతని జీతంలోంచి పోయేదని నా అనుమానం.

కిట్టు కోసం అల్లుడు మంగళవారం ఆటోనగర్ వెళ్లొచ్చాడు. అప్పటిదాకా నా బండి షెడ్డు మూల, అడుగున గుడ్డ కుక్కుకుని, నిలబడి ఉంది. బుధవారం పొద్దున పని మొదలైంది. మామ నట్టు అదిమి పట్టుకున్నాడు, అల్లుడు ట్యాప్ తిప్పాడు. అర చుట్టు ముందుకి, పావు వెనక్కి. గ్రీజులో వెండి పొడి మెరుస్తూ బయటికొచ్చింది. మరలు శుభ్రం చేసి, చుట్ట బయటివైపుకి ఒక చుక్క లాక్‌టైట్ రాసి, కేసు అంచు నుంచి అర చుట్టు లోపలికి దిగేదాకా తిప్పారు. తోక నాలుగు వంపులకి విరిగింది. అల్లుడు దాన్ని నా అరచేతిలో పెట్టి లెక్క సరిపోయిందా అన్నట్టు చూశాడు. బియ్యపు గింజంత ఉంది. చవక ఆయిల్ రెండుసార్లు పోసి కడిగారు. కవర్ విప్పి జాలీ చూస్తే దాని మీద వెండి నలుసులు మూడు దొరికాయి. మామ వాటిని బొటనవేలి మీదికి తీసుకుని అల్లుడికి చూపించాడు, ఏమీ అనలేదు. మూడోసారి కూడా కడిగారు.

చివరి బిగింపు ఎవరు చెయ్యాలన్న దాని మీద మళ్లీ కాసేపు నడిచింది. కొత్త వాషర్ వేసి మామ పానాతో బిగించాడు, అల్లుడు టార్క్ రెంచి ఇరవై నాలుగు మీద పెట్టి సరిచూశాడు. టిక్కుమంది. బోల్టు కదల్లేదు.

ఆ తర్వాత ఆయిల్ మూడుసార్లు మారింది. ఒకసారి మామ దగ్గర, రెండుసార్లు ఊరు కాని ఊళ్లో. రెండుచోట్లా పదిహేడు పానాయే తీశారు, ఎవరూ ఏమీ అడగలేదు. నేనే కొత్త వాషర్ జేబులోంచి తీసి ఇచ్చాను. బండి తీసుకెళ్లే రోజున మామ ఒక మారుతి డ్రైన్ బోల్టు, దాని వాషర్ ప్లాస్టిక్ కవర్లో వేసి సైడ్ బాక్సులో పెట్టాడు. కవర్ మీద పెన్నుతో 14 × 1.5 అని రాసి ఉంది. ఇంతవరకు దాని అవసరం రాలేదు.